లిస్టులో లేని రాష్ట్రం

మా చర్చిలో ఇంజనీరింగ్ పూర్తి చేసిన పిల్లలు కొందరు ఆదివారం ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చి, "అంకుల్, వెబ్‌సైట్ల పనిలోకి వెళ్దామనుకుంటున్నాం. ముందు ఏం నేర్చుకోవాలి?" అని అడుగుతుంటారు. నేను కోర్సుల పేర్లు చెప్తానని చూస్తారు. ఆ పేర్లు నాకిప్పుడు సరిగ్గా తెలియవు. పని మానేసి కొన్నేళ్ళయింది. ఈ రంగంలో కొన్నేళ్ళంటే ఒక తరం. అయితే ఆ పని నిజానికి ఏమిటో మాత్రం తెలుసు. దాన్ని నాకు నేర్పింది ఇద్దరు ఆడవాళ్ళు. ఒకరు మా యజమాని మాధవి. రెండోవారు మా బిల్డింగ్‌లో ఊడ్చే సత్తెమ్మ. పిల్లలకు చర్చి మెట్ల మీద నిలబడి చెప్పేంత చిన్న సంగతి కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నలభై ఎనిమిదో ఏట కొత్త బడి

మాది రేపల్లె దగ్గర ఊరు. హైదరాబాదు వచ్చి ఇరవై ఏళ్ళకు పైగా ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేశాను. మొదట సీసం అక్షరాలు కూర్చాను, తర్వాత కంప్యూటర్ మీద పెళ్ళిపత్రికలు, క్యాలెండర్లు, బిల్లు పుస్తకాలు కంపోజ్ చేశాను. ప్రెస్ మూతపడేనాటికి నాకు నలభై ఎనిమిది. తెలిసినవాళ్ళు చెప్తే మాదాపూర్‌లో ఒక చిన్న ఆఫీసుకు వెళ్ళాను. కింద కర్రీ పాయింట్, పైన మూడు గదులు, కిటికీలోంచి చూస్తే అద్దాల భవనాలు. చిన్న చిన్న వ్యాపారులకు వెబ్‌సైట్లు తయారుచేసి, వాటిని చూసుకోవడం వాళ్ళ పని. దాన్ని నడిపే మాధవి హన్మకొండ మనిషి. పెద్ద కంపెనీలో ఉద్యోగం వదిలేసి వచ్చింది. నాకంటే పదహారేళ్ళు చిన్న.

మొదటి రోజు ఒక పళ్ళ డాక్టరు గారి సైట్ చూపించి, రోగులు పేరూ ఫోనూ రాసి పంపడానికి ఒక ఫారం పెట్టమంది. కనీసం నెల పని అనుకున్నాను. మాధవి కుర్చీ దగ్గరికి లాక్కుని ఏదో వెతికి, ఒక బటన్ నొక్కింది. నేను కళ్ళజోడు తుడుచుకునేలోపు సైట్‌లో ఫారం వచ్చి కూర్చుంది.

నేను లేచి నిలబడ్డాను. ప్రెస్‌లో బిల్లు పుస్తకం మీద ఒక గీత జరపాలంటే ఎంత తతంగమో నాకు తెలుసు.

"ఇది ఎవరు రాశారండీ?" అన్నాను.

"తెల్వదు దాస్ గారూ. ఎవరో రాసిండ్రు. కావల్సినోళ్ళు తీస్కోండ్రి అని పెట్టిండ్రు."

"ఊరికేనా?"

"ఊరికే."

దాన్నే ప్లగిన్ అంటారని చెప్పింది. గోడకు సాకెట్ ఉంటే ఫ్యాన్ పెట్టుకోవచ్చు, మిక్సీ పెట్టుకోవచ్చు. సైట్ అనేది ఆ గోడ. ఫారం కావాలంటే ఒక ప్లగిన్, ఫొటోలకు ఇంకొకటి, దుకాణం పెట్టి సరుకు అమ్మాలంటే మరొకటి. అలాంటివి వేలకు వేలు ఉన్నాయి. ఏ దేశంలోనో, ఏ గదిలోనో కూర్చుని, నా మొహం ఎన్నడూ చూడబోని మనిషి నాకోసం రాసిపెట్టాడు. ఆ రోజు ఇంటికి వెళ్ళి మా ఆవిడతో ఈ మాట చెప్తే, "అంత మంచివాళ్ళు ఉంటారంటారా?" అంది. ఉంటారని నేను తర్వాత చూశాను.

మాధవి పాఠం చెప్పే తీరు కఠినం. నేను చిక్కుకుంటే వచ్చి పక్కన కూర్చునేది కానీ మౌస్ ముట్టేది కాదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, "చదవండి. అక్కడ ఏం రాసుంది?" అనేది. తెర మీద ఎర్రగా కనబడే ప్రతి వాక్యాన్నీ నాచేత పైకి చదివించేది. అందులోనే జవాబు ఉండేది. ఈ రోజుకీ ఈ పనిలో ఫెయిలయ్యేవాళ్ళలో చాలామంది తెలివి తక్కువై కాదు, ఎదురుగా రాసున్నది చదవక ఫెయిలవుతారని నా అభిప్రాయం. ఆవిడ లోపం కూడా చెప్పాలి. ఏ కస్టమర్ ఏదడిగినా "రేపటికల్లా" అనేది. ఆ రేపటి బరువంతా మా నెత్తిన పడేది.

సత్తెమ్మ ఎడమకెళ్లి ఆరోది

సత్తెమ్మ సిద్దిపేట వైపు నుంచి వచ్చింది. భర్త ఒక ఐటీ కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. గోపన్‌పల్లిలో కిరాయికి ఉండేవాళ్ళు. పొద్దున మా బిల్డింగ్ ఊడ్చి తుడిచి, ఖాళీ దొరికితే మెట్ల మీద కూర్చుని పాత చీరలతో బొంత కుట్టేది. గోపన్‌పల్లిలో ఆమె ఉండే ఇంట్లో మరో నలుగురు ఆడవాళ్ళు కూడా కుట్టేవాళ్ళు. మాధవి చెల్లెలు బాలింతరాలైతే, సత్తెమ్మ పసిపాపకని ఒక బొంత ఇచ్చింది. అది చూసినవాళ్ళంతా తమకూ కావాలన్నారు.

మాధవి నన్ను పిలిచి, "ఈమెకు నెట్‌ల దుకాణం పెడదాం దాస్ గారూ. సైట్ మీరు చేయండి. నడుపుడు ఆమెకే నేర్పండి," అంది.

"ఆమెకు ఇంగ్లీషు రాదు కదండీ?"

"మీకు ప్లగిన్ అంటే తెల్సా, వచ్చిన నాడు?"



మధ్యాహ్నం డ్యూటీ దిగాక సత్తెమ్మ నా పక్కన కూర్చునేది. ఏడో తరగతి దాకా తెలుగు చదివింది. ఇంగ్లీషు అక్షరాలు తెలుసుగానీ మాటలు తెలియవు. నేను చూపించిన ప్రతిదీ నోటు పుస్తకంలో తెలుగులో రాసుకునేది. కొత్త బొంత ఎక్కించాలంటే "ఎడమకెళ్లి ఆరోది" నొక్కాలి, ఆర్డర్లు చూడాలంటే "దాని కింద రెండోది". నెల తిరిగేసరికి తానే ఫొటోలు ఎక్కిస్తోంది. నాకు గర్వంగా ఉండేది.

ఒకరోజు నేను ఇంకో ప్లగిన్ పెట్టాను. దాని పేరు మెనూలో పైన చేరి, ఆరోది కాస్తా ఏడోదయింది. సత్తెమ్మ పరేషాన్ అయిపోయింది.

"సారూ, నా దుకాణం జరిగింది!"

జరగలేదనీ, పేరు చదివితే దొరుకుతుందనీ చెప్పాను. ఆమె నోటు పుస్తకంలో ఆ పేజీ మొత్తం అడ్డంగా కొట్టేసింది. "ఇగ లెక్కలు వద్దు సారూ. అచ్చరాలే నేర్పుండ్రి," అంది. ఆ మధ్యాహ్నం నుంచి మెనూలోని ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటీ కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టింది. ఆర్నెల్లకు నాకంటే ముందు తప్పు పట్టుకునేది. ఇరవై ఏళ్ళు అక్షరాలు కూర్చినవాణ్ణి. అక్షరం ఒక మనిషి చేతిలో పనిముట్టుగా మారడం అంత దగ్గరగా చూడటం మాత్రం అదే మొదటిసారి.

తెలియని మనిషి నుంచి వచ్చిన మొదటి ఆర్డర్ గువాహటి నుంచి. అది ఎక్కడుందో మ్యాప్‌లో చూపించాను. గోపన్‌పల్లి నుంచి అక్కడి దాకా ఆమె వేలు పెట్టి మెల్లగా గీసుకుంటూ వెళ్ళింది.

"గంత దూరం మా బొంత పోతదా సారూ? ఆమెకు మేమెవరో తెల్వదు కదా. ఎట్ల నమ్మింది?"

 

ఒక బొంత, ఇద్దరు మనుషులు

నా మొదటి పెద్ద తప్పు ఇక్కడ. బొంతల్లో ఏ రెండూ ఒకలా ఉండవు. కాబట్టి ఒకటి అమ్ముడుపోగానే దుకాణంలోంచి దానంతటదే మాయమవ్వాలి. దుకాణం ప్లగిన్‌లో దానికొక చిన్న గడి ఉంటుంది, టిక్కు పెట్టాలి. ఒక ఆకుపచ్చ అంచు బొంతకు నేను ఆ టిక్కు పెట్టడం మరిచిపోయాను. ఒకే పూట ఇద్దరు కొనేశారు. కొండాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ జంట, బాచుపల్లిలో ఒక నర్సు.

క్షమాపణ ఉత్తరం ఆటోమేటిగ్గా పంపే ప్లగిన్ ఉంది. నేను దాన్ని వెతుకుతుంటే సత్తెమ్మ అడ్డుపడింది.

"మిషన్‌తోని తప్పయిందని చెప్పిపిస్తరా? నేను మాట్లాడ్త. నంబరియ్యిండ్రి."

వెనకాల ఆర్డర్ పెట్టింది నర్సు. ఆమెకే ఫోన్ చేసింది. "అమ్మా, తప్పు మాదే. ఒక్కటే బొంత, ఇద్దరికి అమ్మినం. మీ పైసలు వాపస్ వస్తయి. ఇంకోటి ఏదన్న నచ్చితే చెప్పుండ్రి."

అవతల చాలాసేపు ఏదో మాట్లాడారు. సత్తెమ్మ ఊఁ కొడుతూ విని, ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది. ఆ నర్సు కూతురికి కాన్పు దగ్గర పడింది. నర్సుకు ఆకుపచ్చ అంచు మీద మనసు పడటానికి కారణం, పోయిన తల్లికి అలాంటి చీర ఉండేదట. ఆ చీరలు ఇంకా ఇంట్లో పెట్టెలో ఉన్నాయట.

"అయితే గా చీరలే పంపమన్న సారూ. ఆమె అమ్మ చీరల్నే బొంత కుడ్త. గదే ఇడ్సిపెట్టి నా పాత చీరెందుకు ఆమెకు?"

అలా ఒక తప్పులోంచి దుకాణంలో కొత్త సరుకు పుట్టింది: మీ చీరలు పంపండి, మీ బొంత కుట్టిస్తాం. కొనేవాళ్ళు తమ చీరల ఫొటో పెట్టి, నాలుగు మాటలు రాయడానికి వీలిచ్చే ప్లగిన్ వెతికి పెట్టాను. ఆ నాలుగు మాటల గడిలో జనం ఏమేం రాసేవాళ్ళో! ఇది మా అత్త చీర, ఆమెకు కోపమెక్కువ, అంచు మాత్రం పైకి కనబడాలి. ఇది నేను బడికి మొదటి రోజు వెళ్ళినప్పుడు అమ్మ కట్టుకున్నది. సత్తెమ్మ ఒక్కొక్కటీ గట్టిగా చదివి, మిగతా నలుగురికీ వినిపించాకే కత్తెర పట్టేది. సరుకు అమ్మడానికి పెట్టుకున్న ఒక ఖాళీ గడిలోకి ఇన్ని జీవితాలు వచ్చి పడతాయని, దాన్ని రాసిన మనిషి అనుకుని ఉంటాడా?

కొత్తగా వచ్చేవాళ్ళకు ఒక మాట. ప్లగిన్ ఉత్తరం పంపగలదు. తప్పు ఒప్పుకోవడం మనిషి పని.

తెల్ల పేజీ

అవి ఉద్యమం రోజులు. సకల జనుల సమ్మె అప్పటికే అయిపోయింది, అయినా వారం విడిచి వారం ఏదో ఒక బంద్. బస్సులు ఉండేవి కావు. మాధవి ఉద్యమంలో ఉండేది. బంద్ రోజు ఆఫీసుకు తాళం వేసి, రోడ్డు మీద వంటావార్పుకు వెళ్ళేది. నేను చందానగర్‌లో ఇంట్లో కూర్చుని పనిచేసేవాణ్ణి.

అలాంటి ఒక పొద్దున నేను సత్తెమ్మ దుకాణం సైట్ తెరిస్తే, తొమ్మిది ప్లగిన్లకు కొత్త రూపాలు వచ్చాయని కనబడింది. మాధవి నియమం ఒకటుంది: ముందు బ్యాకప్ తీసుకో, ఒక్కటి మార్చు, సైట్ చూడు, తర్వాతే ఇంకొకటి. నాకు తొందరెక్కువై, బ్యాకప్ తీయకుండా తొమ్మిదింటినీ ఒకేసారి మార్చమని నొక్కాను.

సైట్ తెల్లబడిపోయింది. ఎర్ర వాక్యం కూడా లేదు, చదవడానికి. బొంతలు, ఆర్డర్లు, చీరల కథలు ఏవీ లేవు. ఖాళీ కాగితంలా ఉంది. 

మాధవికి ఫోన్ చేశాను. అవతల డప్పులు, నినాదాలు. "జై తెలంగాణ" అన్న కేక నా చెవిలో మోగింది.

"మేడం, సైట్ పోయింది!"

"ఏడికి పోలేదు. సప్పుడుంది, గట్టిగ చెప్పండి. ఏం జేసిండ్రు?"

చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "ప్లగిన్లన్నీ ఒక ఫోల్డర్‌ల ఉంటయి. దాంట్ల ఒక్కొక్కదాని పేరు మార్చండి. పేరు మారితే సైట్ దాన్ని గుర్తుపట్టదు, పక్కకు పెట్టి ముందుకు పోతది. ఏ పేరు మార్చినంక పేజీ తిరిగొస్తదో, దొంగ అదే."

ఫోన్ పెట్టేయకుండా పక్కన పెట్టాను. ఒక్కో పేరు మార్చడం, సైట్ చూడటం. అటువైపు డప్పు ఆగడం లేదు. ఎవరో ఆమెకు అన్నం వడ్డిస్తున్నట్టున్నారు, "జర ఆగుండ్రి" అని వినబడింది. ఆరో పేరు మార్చగానే బొంతలన్నీ వచ్చేశాయి. ఆకుపచ్చవీ పసుపువీ, వరసగా. నేను ఫోన్ అందుకున్నాను.

"వచ్చిందండీ!"

"వస్తది. ఇగ బ్యాకప్ తీస్కొని తినండి పోయి."

ఆమె రోడ్డు మీద కూర్చుని అడుగుతున్న రాష్ట్రం రాకూడదని కోరుకునే నాలాంటి మనిషికి, ఆ రోడ్డు మీద నుంచే దారి చూపించింది. ఆ సంగతి ఆమెకు తెలుసో లేదో. మా మధ్య ఆ మాట ఎప్పుడూ రాలేదు.

ఆ ఆరో ప్లగిన్ చీరల ఫొటోలది. దాన్ని రాసినవాడికి జరిగింది చెప్తూ ఉత్తరం రాశాను. మర్నాటికే జవాబు. ఆయన ఎక్కడో దక్షిణ అమెరికాలో బడిపంతులు. చెల్లెలి చిన్న దుకాణం కోసం రాసి, మిగతావాళ్ళకూ పనికొస్తుందని పెట్టాడట. తప్పు తనదేనని, సరిచేసి పంపాడు. కింద ఒక ప్రశ్న: మీరు దీంతో ఏం అమ్ముతున్నారు? బొంతల సంగతి రాశాను. వాళ్ళ అమ్మమ్మ కూడా అలాగే కుట్టేదని రాశాడు. అది చదివి వినిపిస్తే సత్తెమ్మ, "చూసిండ్రా సారూ, చుట్టమే," అంది.

నేను ఆడిన అబద్ధం

ఇప్పుడు అసలు సంగతి. కొనేవాళ్ళు చిరునామా రాసే పేజీలో రాష్ట్రాల లిస్టు ఒకటి ఉంటుంది. ఒకరోజు సత్తెమ్మ దాన్ని పైనుంచి కిందికి చదివి, "సారూ, గీ లిస్టుల తెలంగాణ లేదేంది?" అంది.

"రాష్ట్రం ఇంకా రాలేదు కదమ్మా."

"వస్తది కదా. మొదలే పెడితే ఏమైతది?"

"కుదరదు. ప్లగిన్ ఒప్పుకోదు."

అది అబద్ధం. కొంచెం కష్టపడితే అవుతుందని నాకు తెలుసు. ఎందుకు ఆడానో నిజాయితీగా చెప్తాను. రేపల్లె నుంచి మా బావమరిది ఫోన్ చేసి, "వచ్చెయ్యండి బావా, అక్కడ మనల్ని ఉండనిస్తారా?" అనేవాడు. నన్ను ఎవ్వరూ ఒక్క మాట అనలేదు. అయినా షేర్ ఆటోలో "ఏ జిల్లా అన్నా మీది?" అని ఎవరైనా అడిగితే "హైదరాబాదే" అని, మాటలో అండీ రాకుండా చూసుకునేవాణ్ణి. ఆ పేరు లిస్టులో నా చేత్తో పెట్టడం అంటే నేనే ఒప్పుకున్నట్టవుతుందని భయం. భయాన్ని ప్లగిన్ మీదికి నెట్టాను. ఈ వృత్తిలో ఇది చాలా సులువు. కస్టమర్‌కు తెలియదు కదా అని, మనకు ఇష్టం లేనిదాన్ని "టెక్నికల్‌గా కుదరదు" అంటాం. మీరు ఎప్పుడైనా ఆ మాట అనబోతే ఒక్క క్షణం ఆగి, అది నిజమేనా అని మిమ్మల్ని మీరు అడగండి.

కొన్ని నెలలు గడిచాయి. ఒక సోమవారం ఫిర్యాదులు వచ్చాయి: ఆర్డర్ పెడుతుంటే "మీ ప్రాంతానికి డెలివరీ లేదు" అంటోందని నలుగురు రాశారు. ముగ్గురు వరంగల్, నిజామాబాద్ వాళ్ళు, ఒకరు హైదరాబాదు వాళ్ళే. ఏమైందా అని చిరునామా పేజీ తెరిచి రాష్ట్రాల లిస్టు కిందికి లాగాను.

అన్నిటికంటే పైన, అండమాన్ కంటే పైన, తెలంగాణ.

 నేను పెట్టలేదు. మాధవిని అడిగితే తానూ పెట్టలేదంది. సత్తెమ్మను పిలిచాను. చేతిలో చీపురుతోనే వచ్చింది.

"నేనే పెట్టిన సారూ. లిస్టుల పేరు కలిపే ప్లగిన్ ఉంటదా అని ఎతికిన. దొరికింది. ఇంగ్లీషుల పేరు ఎట్ల రాయాల్నో తెల్వక, బస్టాప్ కాడ బ్యానర్ చూసి రాసుకొచ్చిన."

"బ్యాకప్?"

"మొదలు గదే తీసిన."

 ఎడమకెళ్లి ఆరోది అని రాసుకున్న మనిషి, నేను కుదరదన్న పనిని, వేలాది ప్లగిన్లలోంచి సరైనది ఏరి, నియమం తప్పకుండా చేసింది. ఒక్కటే ఆమెకు తెలియలేదు: డెలివరీ చూసే ప్లగిన్ వేరు. దాని దగ్గర ఇంకో లిస్టు ఉంటుంది. అందులో ఈ పేరు లేదు కాబట్టి అది తెలియని ఊరని తిప్పిపంపుతోంది.

మాధవి తలుపు దగ్గర నిలబడి వింటోంది. "నేనేం చెప్ప దాస్ గారూ. మీ ఇద్దరి దుకాణం," అని లోపలికి వెళ్ళిపోయింది.

రెండు దారులు. పేరు తీసేస్తే అరనిమిషంలో అన్నీ మామూలే. ఉంచాలంటే రెండో లిస్టులో కూడా నా చేత్తో ఎక్కించాలి.

"తీసేయకుండ్రి సారూ," అంది సత్తెమ్మ మెల్లగా. "కుదరదన్నరు. కుదిరింది కదా."

 "కుదురుతుందని నాకు అప్పుడే తెలుసు సత్తెమ్మా."

ఆమె చీపురు గోడకు ఆనించింది. "నాకు గూడ తెల్సు. మీరు భయపడుతున్నరని ఊకున్న."

ఆ మాటలో నింద లేదు. అదే నా తల వంచింది. పక్కన కుర్చీ వేశాను. ఇద్దరం కూర్చుని డెలివరీ ప్లగిన్‌లో ఆ పేరు ఎక్కించాం. రెండు లిస్టుల్లోనూ పేరు అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉండాలి. అక్షరాలు చూసేది ఆమె, కొట్టేది నేను. తర్వాత బాచుపల్లి చిరునామాతో ఉత్తుత్తి ఆర్డర్ ఒకటి పెట్టి చూశాం. దాటింది. ఆ నలుగురికీ సత్తెమ్మే ఫోన్ చేసింది, ఇప్పుడు పెట్టుండ్రి అని. నలుగురూ పెట్టారు. నలుగురూ మళ్ళీ ఆ పేరునే ఎంచుకున్నారు.

పార్సిళ్ళు ఇవ్వడానికి చందానగర్ కొరియర్ దుకాణానికి ఆమెతో నేనూ వెళ్ళాను, ఒప్పుకోకపోతే మాట్లాడదామని. కౌంటర్ వెనకాయన చీటీ చదివి తలెత్తాడు.

"ఈ రాష్ట్రం ఏడున్నదమ్మా?"

"నువ్వు నిలబడ్డ కాడ," అంది సత్తెమ్మ.

ఆయన నవ్వాడు. "పిన్‌కోడ్ ఉన్నది, చాలు," అని చీటీని రెండు చేతులతో అదిమి అతికించాడు. కావలసినదానికంటే కొంచెం ఎక్కువసేపే అదిమాడు.

రెండు పేర్లు

రాష్ట్రం వచ్చింది. ఆ రోజు మాదాపూర్‌లో పటాకుల పొగలో ఎదురు బిల్డింగ్ కనబడలేదు. మాధవి అందరికీ స్వీట్లు పంచుతూ నా దగ్గరికి వచ్చి, ఒకటికి రెండు పెట్టింది. నేను తిన్నాను. మా బావమరిది ఫోన్ చేస్తే, పనిలో ఉన్నానని చెప్పాను. నిజంగానే పనిలో ఉన్నాను.

కొన్ని వారాల తర్వాత దుకాణం ప్లగిన్‌కు కొత్త రూపం వచ్చింది. ఈసారి ఏం మార్చారో చదివాను. పొడుగాటి పట్టికలో, ఎక్కడో మధ్యలో, ఒక్క వాక్యం: భారతదేశపు రాష్ట్రాల లిస్టులో తెలంగాణ చేర్చబడింది. ఇన్నేళ్ళ బంద్‌లు, సమ్మెలు, పోయిన ప్రాణాలు, నా భయాలు, సత్తెమ్మ బస్టాప్ బ్యానర్. ఎక్కడో ఎవరో వాటన్నిటి చివర ఒక్క వరుస రాసి, ప్రపంచంలోని దుకాణాలన్నిటికీ పంపేశారు. ఆ వాక్యాన్ని నాలుగైదుసార్లు చదివాను. మా ప్రెస్ రోజుల్లో పెద్ద వార్తకు పెద్ద అక్షరాలు వాడేవాళ్ళం. దీనికి అందరితో సమానమైన చిన్న అక్షరాలే.

బ్యాకప్ తీసి, కొత్త రూపం ఎక్కించాం. సత్తెమ్మ చిరునామా పేజీ తెరిచింది.

"సారూ, రెండు తెలంగాణలు కనబడుతున్నయి."

పైన ఆమె పెట్టింది, కింద వాళ్ళు పంపింది. రెండూ ఉంటే కొనేవాళ్ళు తికమకపడతారు. డెలివరీ లిస్టును కూడా కొత్త పేరుకు మార్చాను. ఇక మిగిలింది పాతది తీసేయడం. ఆ పని నేను చేయలేకపోయాను. మౌస్ ఆమె వైపు జరిపాను.

ఆమె చాలాసేపు పైన ఉన్న పేరునే చూస్తూ కూర్చుంది.

"ఉంచుదామంటే ఉంచుదాం," అన్నాను. "ఏదో ఒకటి చేస్తాను."

"వద్దు సారూ. అది రానప్పటి కోసం పెట్టుకున్నం. వచ్చింది కదా."

తానే ఎక్కించిన ప్లగిన్ తెరిచి, తానే రాసిన పేరు మీద నొక్కింది. నిజంగా తీసేయమంటారా అని ఇంగ్లీషులో ప్రశ్న వచ్చింది. దాన్ని కూడబలుక్కోకుండా ఒక్క ఊపులో చదివి, అవునని నొక్కింది. మళ్ళీ చిరునామా పేజీకి వచ్చి లిస్టు దించింది. తమిళనాడు కింద, త్రిపుర పైన ఉంది.

"నడుమ మంచిగ కూసున్నది," అని కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచింది. కింది అంతస్తు మెట్లు ఇంకా కడగలేదట.

ఆమె వెళ్ళాక నేను కొనేవాడిలా దుకాణం తెరిచాను. రెండేళ్ళుగా చూసుకుంటున్న సైట్‌లో నేను ఎన్నడూ ఏదీ కొనలేదు. ఎర్ర పూల బొంత ఒకటి ఎంచుకుని పేరు రాశాను. ఇంటి నంబరు, వీధి, చందానగర్, హైదరాబాద్. లిస్టు దించి, వెతుక్కుని, నొక్కాను.

కింద మెట్ల మీద సత్తెమ్మ ఫోన్ మోగడం వినబడింది. ఆర్డర్ వస్తే అలా మోగేలా పెట్టింది నేనే. కొంచెంసేపు నీళ్ళ చప్పుడు ఆగింది.

"సారూ," అని కిందినుంచి కేకేసింది. "గీ చిరునామా మీదేనా?"

"నాదేనమ్మా," అన్నాను, కింద కర్రీ పాయింట్ దాకా వినబడేలా.